పని ఒత్తిడి: ఎక్కడ బిగుసుకుందో వెతికి, అక్కడ సడలించే పద్ధతి

"టెన్షన్‌గా ఉంది" అని ఒకే మాటతో చెప్పేస్తాం. రేపటి రిలీజ్‌కీ అదే మాట, పిల్లల స్కూలు ఫీజుకీ అదే మాట, మేనేజర్ రాత్రి పదింటికి పెట్టిన మెసేజ్‌కీ, అమ్మ షుగర్ రిపోర్టుకీ అదే. మాట ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అనుకుంటాం: పొద్దున్నే యోగా మొదలుపెట్టాలి, లేదా రెండు రోజులు లీవు పెట్టి అరకు వెళ్లిరావాలి. వెళ్లొచ్చాక సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ అదే బరువు నెత్తి మీదికి వస్తుంది.

పనిచోట పుట్టే ఒత్తిడి దాదాపుగా మూడు చోట్ల నుంచి వస్తుంది. ఉన్న గంటలకు మించిన పని ఉండటం ఒకటి. చేస్తున్న పని మీద మన మాట చెల్లకపోవడం రెండోది. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఒళ్లు తేరుకునే వ్యవధి లేకపోవడం మూడోది. మూడింటికీ చికిత్స వేరు. పని ఎక్కువైన మనిషికి ప్రాణాయామం నేర్పితే ఆ పది నిమిషాలూ ఇంకో బాకీలా తయారవుతాయి. నిద్ర లేని మనిషికి టైమ్ మేనేజ్‌మెంట్ చెబితే వినే శక్తే ఉండదు. కాబట్టి ముందు మనది ఏ రకమో పట్టుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా ఆఫీసు ఉద్యోగుల కోసం, అందులోనూ అమెరికా టైమ్‌కి కాల్స్ ఉండేవాళ్ల కోసం. బ్యాంకు కౌంటర్లో, బడిలో, షోరూమ్‌లో పనిచేసేవాళ్లకూ చాలా భాగం పనికొస్తుంది.

ఒంట్లో జరిగేది

ప్రమాదం ఉందని మెదడు అనుకున్న క్షణంలో మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని వదులుతాయి. సెకన్లలో గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, మెడ, దవడ బిగుసుకుంటాయి. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమయ్యే తీరు ఇదని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. దాని వెనకే నిదానంగా కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. అది 20, 30 నిమిషాల్లో పైకి చేరుతుంది, దిగడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సేపు అరుగుదల వెనకబడుతుంది. రివ్యూ మీటింగ్‌కి ముందు తిన్న ఇడ్లీ కడుపులో రాయిలా కూర్చోవడానికి కారణం ఇడ్లీ కాదు.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలను చలికీ, గాయాలకూ, అతిశ్రమకూ గురిచేసి చూశాడు. కారణం ఏదైనా లోపల కనిపించిన మార్పులు ఒకేలా ఉన్నాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. మన ఒంటి సంగతీ అంతే. వీధికుక్క వెంటపడినా, "ఒకసారి మాట్లాడాలి, ఫ్రీ అయ్యాక కాల్ చెయ్" అని పై అధికారి మెసేజ్ పెట్టినా మొదటి నిమిషంలో ఒళ్లు చేసేది ఒకటే. తేడా తర్వాత వస్తుంది. కుక్క వెనక్కి తిరిగాక ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి కూర్చుంటాం, గంటలో అంతా సర్దుకుంటుంది. మెసేజ్ మాత్రం ఫోన్లోనే ఉంటుంది. అది దిగేలోపు ఇంకో మెయిల్, అది దిగేలోపు ఇంకో కాల్. పైకి ఎక్కడం సహజం, అది లేకపోతే పరీక్ష రాయలేం, గడువులోపు పని ముగించలేం. కిందికి దిగకపోవడమే జబ్బులకు దారి. నెలల తరబడి అలా సాగితే బీపీ పెరగడం, నిద్ర చెడటం, ఎసిడిటీ, తరచూ జలుబు, మతిమరుపు, ముక్కు మీద కోపం కనిపిస్తాయి.

అందుకే ఒత్తిడిని రెండు అంకెలతో కొలవాలి: ఎంత ఎత్తుకి ఎక్కింది, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది. రెండోది ఎక్కువ ముఖ్యం.

ఏడు రోజుల నోటుబుక్కు

జేబులో పట్టే చిన్న పుస్తకం తీసుకోండి. ఫోన్లో రాయొద్దు, రాయడానికి తెరిచిన ఫోన్ ఇంకో నోటిఫికేషన్ చూపిస్తుంది. ఒక్కో సంఘటనకు ఒక్క వరుస, అందులో అయిదు విషయాలు: టైమ్, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, 0 నుంచి 10లో ఎంత, మామూలు కావడానికి ఎన్ని నిమిషాలు. రోజుకు అయిదారు వరుసలు చాలు. రెండు సెలవు రోజులు కలిసేలా ఏడు రోజులు వరసగా రాయాలి. ఇంట్లో పుట్టే ఒత్తిడి సెలవు రోజుల్లోనే బయటపడుతుంది.

వరుస ఇలా ఉండాలి: "ఉదయం 11:40. టెస్టింగ్ మధ్యలో ఉండగా వేరే టీమ్ నుంచి అర్జెంట్ అని కాల్. దవడ బిగిసింది. 6. 25 నిమిషాలు." ఇంకోటి: "రాత్రి 9:15. అన్నం తింటుంటే ఆఫీసు గ్రూపులో నా పేరు ట్యాగ్ చేశారు. ఛాతీలో బరువు. 7. పడుకునే దాకా పోలేదు."

ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. రాత్రి పడుకునే ముందు మొత్తం గుర్తు తెచ్చుకుని రాయడం మొదటిది. అప్పటికి చివరి చిరాకు ఒక్కటే గుర్తుంటుంది, పొద్దుటివి మాయమవుతాయి. జరిగిన తర్వాత గంటలోపు రాయాలి. సంఘటనకు బదులు మనిషి పేరు రాయడం రెండోది. "సురేష్" అని రాస్తే దాన్ని ఏమీ చెయ్యలేం. "స్పెక్ మార్చిన సంగతి సాయంత్రం 5 గంటలకు చెప్పాడు" అని రాస్తే దానికి మార్గం దొరుకుతుంది. మూడోది, చిన్నవాటిని వదిలేయడం. లిఫ్ట్ దగ్గర పది నిమిషాలు నిలబడటం, మంచం దిగకముందే మెయిల్ తెరవడం లాంటివి ఒక్కోటి 2, 3 అంకెలే కావచ్చు, రోజుకు పది వస్తే మాత్రం దిగే వ్యవధి మిగలదు.

ఎనిమిదో రోజు పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి వరుస పక్కనా ఒక అక్షరం వేయండి. పని ఎక్కువై వచ్చింది అయితే 'ప'. నిర్ణయం మన చేతిలో లేక వచ్చింది అయితే 'చ'. అంకె 5 లోపే ఉన్నా దిగడానికి గంట దాటితే 'తే', అంటే తేరుకునే శక్తి తగ్గింది. లెక్కపెడితే ఏదో ఒకటి ఎక్కువ వస్తుంది. చాలామంది తమకు 'ప' ఎక్కువ అనుకుని మొదలుపెడతారు, పుస్తకంలో మాత్రం 'చ', 'తే' బయటపడతాయి. స్వీడన్‌లోనూ అమెరికాలోనూ ఉద్యోగుల సమాచారం పరిశీలించిన రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిందీ దీనికి దగ్గరే: ఎక్కువ పని ఒక్కటే మనిషిని అంతగా నలపదు, ఎక్కువ పనికి తోడు దాన్ని ఎలా, ఎప్పుడు చెయ్యాలన్న స్వేచ్ఛ కూడా లేనప్పుడు మనిషి నలుగుతాడు.

అప్పటికప్పుడు దించుకోవడం

కారణం ఏదైనా, 6 దాటిన క్షణంలో ముందు ఒంటిని దించాలి. ఆ స్థితిలో రాసిన మెయిల్, తీసుకున్న నిర్ణయం రెండూ సరిగా రావు.

ఊపిరితో మొదలుపెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టండి. నోరు మూసి ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, బొడ్డు మీది చెయ్యి ముందుకు జరగాలి, భుజాలు పైకి లేవకూడదు. 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకెకు ఒక సెకను. అంటే నిమిషానికి 6 ఊపిరులు, మామూలుగా మనం తీసుకునే 12 నుంచి 18లో సగం లేదా అంతకన్నా తక్కువ. 5 నిమిషాలు చాలు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదిలే సమయం ఎక్కువ పెట్టడం.

తల తిరిగినా, వేళ్ల చివర తిమ్మిరెక్కినా ఊపిరి మరీ లోతుగా తీసుకుంటున్నారని అర్థం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం వల్ల అలా అవుతుంది. గాలి తక్కువగా, మెల్లగా తీసుకోండి, కడుపు నిండా పీల్చాల్సిన పని లేదు. 4, 6 కష్టంగా ఉంటే 3, 4తో మొదలుపెట్టండి. కపాలభాతి, భస్త్రిక వచ్చినవాళ్లు ఈ సమయంలో అవి చేయకండి. అవి వేగంగా చేసే ప్రక్రియలు, దడలో ఉన్న గుండెకు ఇంకా ఊపునిస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి వెళ్లొద్దు. ఇంకో సంగతి, ఇది మొదటిసారి గొడవ మధ్యలో చేస్తే పనిచేయదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజూ రెండు పూటలా పది రోజులు చేస్తే, కావలసినప్పుడు ఒళ్లు దానంతటదే పట్టుకుంటుంది.

మెడ, భుజాల్లో బిగువు మిగిలిపోయేవాళ్లకు కండరాల సడలింపు మేలు. 1920లలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించిన పద్ధతి ఇది. పడుకుని గానీ కుర్చీలో వాలి గానీ చేయవచ్చు. పిడికిళ్లు, మోచేతులు, నుదురు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పిక్కలు ఈ వరుసలో ఒక్కో భాగాన్ని 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, 20 సెకన్లు ఆ వదులుని గమనించాలి. ఒక్కో భాగం రెండేసి సార్లు. మొత్తం ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. బిగింపు శక్తిలో సగమే ఉండాలి, పిక్కలను గట్టిగా బిగిస్తే కండరం పట్టేస్తుంది. మెడ నొప్పి, డిస్క్ సమస్య ఉంటే ఆ భాగం వదిలేయండి.

కోపం వల్ల ఎక్కిన ఒత్తిడికి మాత్రం కూర్చోవడం కన్నా నడక ముందు పనిచేస్తుంది. రెండంతస్తులు మెట్లు దిగి ఎక్కండి, తర్వాత ఊపిరి సంగతి చూడండి. కోపంలో రాసిన జవాబును డ్రాఫ్టుల్లో ఉంచి, తిరిగొచ్చాక చదవండి.

'ప' ఎక్కువైతే

తలలో ఉన్న పనులన్నీ ఒక కాగితం మీదికి దించండి. ఒక్కోదాని పక్కన ఎన్ని గంటలు పడుతుందో రాయండి, తర్వాత ఆ అంకెను ఒకటిన్నర రెట్లు చేయండి. మన అంచనాలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి. రోజుకు 9 గంటల ఆఫీసులో భోజనం, మీటింగులు, మెయిళ్లు పోగా చేతికి దొరికే నికరమైన పని గంటలు 5 అనుకుంటే, వారానికి 25. మీ కాగితం మీద మొత్తం 40 వచ్చిందనుకోండి, ఆ 15 గంటలు మీ రాత్రుల్లోంచీ ఆదివారంలోంచీ వెళ్తున్నాయి. మీ చేతకానితనం అన్న మాట అక్కడితో పోతుంది. మిగిలింది కూడిక, తీసివేత.

ఆ కాగితంతో మేనేజర్ దగ్గరికి వెళ్లండి. ఎలా అడుగుతారన్న దాని మీదే ఫలితం ఉంటుంది. "చాలా స్ట్రెస్‌గా ఉంది సార్" అంటే "అందరికీ ఉంది, కొంచెం అడ్జస్ట్ అవ్వు" అన్న జవాబే వస్తుంది. ఇలా అడగండి: "సార్, ఈ వారం నా దగ్గర ఈ మూడూ ఉన్నాయి, మొత్తం 28 గంటలు. కొత్త రిపోర్టుకి ఇంకో 8 పడుతుంది. అది శుక్రవారానికి కావాలంటే ఈ మూడింటిలో దేన్ని సోమవారానికి జరపమంటారు?" కాదు అనలేదు, కుదరదు అనలేదు. ఎంచుకునే పని ఆయనకు అప్పగించారు. ఆయన "అన్నీ కావాలి" అంటే, "అయితే ఏ వరుసలో చెయ్యమంటారు?" అని అడగండి. మాట్లాడిన రోజే రెండు వాక్యాల మెయిల్ పంపండి: ఏది ముందు, ఏది ఏ తేదీకి జరిగింది. ఇది లేకపోతే రెండు వారాల తర్వాత ఆ మాటను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ మాట అందరి ముందు, రోజువారీ టీమ్ మీటింగ్‌లో ఎత్తకండి. విడిగా పదిహేను నిమిషాలు అడగండి, అదీ ఆయనకు పైనుంచి రివ్యూ ఉన్న రోజు కాకుండా. గడువుకు ముందు రోజు అడిగితే తప్పు మీదవుతుంది, కనీసం మూడు రోజుల ముందు అడగాలి.

'చ' ఎక్కువైతే

ఇది అన్నిటికన్నా మొండిది. టార్గెట్ పైనుంచి వస్తుంది, షిఫ్ట్ రోస్టర్ పైనుంచి వస్తుంది, మనం మార్చలేం. కానీ ప్రతి ఉద్యోగంలోనూ మార్చగలిగే చిన్న చిన్న అంచులు ఉంటాయి, వాటిని వరుసగా చేజిక్కించుకోవాలి. మెయిల్‌ని రోజుకు నాలుగు నిర్ణీత సమయాల్లోనే తెరవడం, మధ్యాహ్నం 2 నుంచి 3:30 వరకు క్యాలెండర్లో 'పని' అని మూసేయడం, గ్రూపులన్నిటికీ శబ్దం ఆపేసి, నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయమని టీమ్‌కి ముందే చెప్పడం. ఈ చివరిది చెప్పకుండా చేస్తే అనుమానం వస్తుంది, చెప్పి చేస్తే రెండు వారాల్లో అలవాటైపోతుంది.

మన చేతిలో లేని వాటి గురించి తల తిరగలి తిప్పుతూనే ఉంటే దానికి ఒక టైమ్ ఇవ్వండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు, పడుకోవడానికి కనీసం మూడు గంటల ముందు, 15 నిమిషాలు. కాగితాన్ని మధ్యకు గీసి, ఎడమవైపు ఆందోళన, కుడివైపు నేను చేయగలిగే తర్వాతి అడుగు రాయండి. అడుగు 20 నిమిషాల్లో అయ్యేంత చిన్నదిగా ఉండాలి. "అప్పు తీర్చాలి" అడుగు కాదు, "బ్యాంకు యాప్‌లో మిగిలిన అసలు ఎంతో చూసి రాయాలి" అడుగు. కుడివైపు ఏమీ రాయలేకపోతే అక్కడ గీత పెట్టి వదిలేయండి. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే దాన్ని తోసేయకండి, "ఆరున్నరకి చూద్దాం" అని వాయిదా వేయండి. మొదటి వారం హాస్యాస్పదంగా అనిపిస్తుంది, రెండో వారం నుంచి రాత్రి ఆలోచనలు పలచబడతాయి.

చేసిన పనికి గుర్తింపు లేకపోవడం కూడా ఈ గుంపులోదే. పడ్డ శ్రమకూ, దక్కిన జీతం, గౌరవం, భద్రతకూ పొంతన లేనప్పుడు ఒళ్లు దెబ్బతింటుందని జర్మనీలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో సూత్రీకరించాడు. దీనికి మన చేతిలో ఉన్న పని ఒకటే: ప్రతి శుక్రవారం ఆ వారం పూర్తిచేసినవి నాలుగు వాక్యాల్లో రాసి దాచడం. అప్రైజల్ నాటికి 50 వారాల సాక్ష్యం చేతిలో ఉంటుంది.

బూతులు తిట్టడం, అసభ్యంగా ప్రవర్తించడం, కులం పేరుతో అవమానించడం లాంటివి ఒత్తిడి కిందికి రావు, వాటిని ఊపిరి వ్యాయామాలతో భరించమని ఎవరు చెప్పినా వినకండి. మహిళలపై లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మెసేజ్‌లు, మెయిళ్లు ఆఫీసు లాప్‌టాప్‌లోనే వదిలేయకుండా కాపీ దాచుకోండి.

'తే' ఎక్కువైతే: నిద్ర, కాల్స్, కాఫీ

అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. పడమటి తీరం వాళ్లకు ఉదయం 9 అంటే మనకు రాత్రి 9:30 లేదా 10:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. నవంబరులో మారినప్పుడు మన కాల్స్ గంట ఆలస్యమై నిద్రలోకి వస్తాయి. అది జరగబోయే రెండు వారాల ముందే కాల్ సమయం మార్చమని అడగండి. మారిన తర్వాత అడిగితే అందరి క్యాలెండర్లూ నిండిపోయి ఉంటాయి.

కాల్ రాత్రి 11:30కి అయిపోతే 12కి నిద్ర పట్టాలని ఆశించకండి. గంటసేపు మాట్లాడి, వాదించి వచ్చిన మెదడు చల్లారడానికి కనీసం 45 నిమిషాలు కావాలి. ఆ సమయంలో పెద్ద దీపాలు ఆపేసి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, రేపటి మొదటి పని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసి పక్కన పెట్టండి. భోజనం కాల్‌కి ముందే, ఏడున్నర ఎనిమిది మధ్య ముగించండి. అర్ధరాత్రి పప్పన్నం, ఆవకాయ తిని పడుకుంటే పులితేన్పులతో మూడింటికి మెలకువ వస్తుంది. కాల్ తర్వాత ఆకలేస్తే అరటిపండో, గ్లాసుడు మజ్జిగో చాలు.

పడుకునే సమయం మారినా లేచే సమయం మార్చకండి, సెలవు రోజైనా గంటకు మించి తేడా వద్దు. లేచిన గంటలోపు 20 నిమిషాలు బయటి వెలుతురులో ఉండండి. ఒంటి గడియారాన్ని సరిచేసేది ఆ వెలుతురే. మంచం మీద 20 నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని మసక వెలుతురులో ఏదైనా చదవండి, కళ్లు మూతలు పడ్డాక మళ్లీ రండి. గడియారం చూడకండి, అంచనాగానే లేవండి. మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు నిద్ర చెడటానికి కారణం చాలావరకు అదే: మంచం చూడగానే మెదడు ఆఫీసులోకి వెళ్తుంది.

ఒక కప్పు ఫిల్టర్ కాఫీలో సుమారు 80 నుంచి 100 మిల్లీగ్రాముల కెఫీన్, టీలో 30 నుంచి 50 ఉంటాయి. డికాక్షన్ చిక్కదనాన్ని బట్టి ఇది మారుతుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. రాత్రి 8 గంటలకు కాల్ కోసం తాగిన కాఫీ ఒంటిగంటకు కూడా సగం మిగిలే ఉంటుంది. ఆరోగ్యవంతులకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు పైహద్దు. పడుకోవడానికి 8 గంటల ముందే చివరి కప్పు ముగించండి. రోజుకు ఆరేడు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే కొన్ని రోజులు తలనొప్పి వేధిస్తుంది, రెండు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించుకోవాలి. మధ్యాహ్నం మూడింటిలోపు 20 నిమిషాల కునుకు కాఫీకన్నా మేలు. అరగంట దాటితే మాత్రం లేచాక మత్తుగా ఉంటుంది.

రాత్రంతా షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లకు గది ఎంత చీకటిగా ఉంటే అంత మంచిది, మందపాటి పరదాలు పెట్టుకోండి. పాలవాడు, పనిమనిషి, కొరియర్, కుక్కర్ విజిల్ అన్నీ పగలే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లతో "పదిన్నర నుంచి నాలుగున్నర దాకా నన్ను లేపొద్దు, బెల్ మోగితే ఇలా చూడండి" అని స్పష్టంగా మాట్లాడుకోవాలి. పగటి నిద్రను బద్ధకం కింద లెక్కగట్టే ఇళ్లలో ఈ మాట ఒకసారి చెబితే చాలదు. షిఫ్ట్ దిగాక కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకండి, క్యాబ్ ఎక్కండి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో, తేరుకునే శక్తిని పెంచుతుంది. ఒకేసారి గంట దొరకకపోతే పదేసి నిమిషాలుగా నడవండి. రాత్రి పదకొండింటికి జిమ్ మాత్రం వద్దు.

ఇల్లు

ఆఫీసు నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లే ఆడవాళ్లకు 'తే' ఎక్కువ రావడంలో వింత లేదు. "నేనూ సాయం చేస్తున్నాగా" అనే భర్త చేసే పని గిన్నెలు తోమడం వరకే ఉండి, ఏ కూర, గ్యాస్ ఎప్పుడు అయిపోతుంది, పిల్లాడి టీకా ఎప్పుడు అన్న ఆలోచనంతా భార్య తలలో ఉంటే బరువు తగ్గదు. పని మొత్తంగా చేతులు మారాలి: పిల్లల స్కూలు వ్యవహారం ఒకరిది, గుర్తుపెట్టుకోవడం నుంచి ఫీజు కట్టే దాకా. వంట ఇంకొకరిదైతే మార్కెట్ నుంచి టిఫిన్ బాక్సు దాకా. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఇంటి పనులన్నీ రాసి, ఒక్కోదాని పక్కన ఒక్క పేరే పెట్టండి. మొదటి నెల కూరలో ఉప్పు ఎక్కువవుతుంది, ఫీజు రెండు రోజులు ఆలస్యమవుతుంది. మధ్యలో జోక్యం చేసుకోకుండా ఉంటేనే అది నిలుస్తుంది. అత్తగారో అమ్మో ఇంట్లో ఉంటే వాళ్ల ముందు కొడుకు తనే ఈ మాట చెప్పాలి, కోడలితో చెప్పించకూడదు.

ఇంటి నుంచే పనిచేసేవాళ్లు లాప్‌టాప్ మూసిన వెంటనే పదిహేను నిమిషాలు బయట నడిచి రండి. ఆఫీసు నుంచి ఇంటికి చేసే ప్రయాణం ఇచ్చే విరామానికి అది బదులు.

ఇవి దించుతున్నట్టు కనిపించి ఎక్కిస్తాయి

సిగరెట్ తాగగానే వచ్చే హాయిలో పెద్ద భాగం, ముందు సిగరెట్ తాలూకు నికోటిన్ తగ్గి పుట్టిన చిరాకు తీరడమే. మందు తాగితే త్వరగా నిద్ర పడుతుంది, కానీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది, మరునాడు ఆందోళన పెరుగుతుంది. పడుకుని రీల్స్ చూడటం విశ్రాంతిలా అనిపించినా మెదడు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండదు.

మందుల షాపులో చీటీ లేకుండా అల్ప్రాజోలమ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు అడిగి వేసుకోవడం వీటన్నిటికన్నా ప్రమాదం. కొన్ని వారాలకే అలవాటుపడిపోతారు, మోతాదు పెంచితే తప్ప నిద్ర రాదు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. అలా ఆపితే మూర్ఛ వచ్చే అవకాశం ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఒత్తిడి అని సరిపెట్టుకోకూడనివి

ఛాతీ మధ్యలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట ఉంటే అది టెన్షనా గ్యాసా అని ఇంట్లో కూర్చుని తేల్చకండి, 108కి ఫోన్ చేసి ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి. నెలల తరబడి దడ, నీరసం, నిద్రలేమి ఉంటే థైరాయిడ్, హీమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి, బీపీ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువై వచ్చే దడనూ, రక్తహీనత నీరసాన్నీ ఒత్తిడి అనుకుని ఏళ్లు గడిపేవాళ్లున్నారు.

రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ మనసు బరువుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి, నిద్ర మారిపోవడం కుంగుబాటు లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను పనిచోట దీర్ఘకాలం అదుపులేని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా తన వర్గీకరణలో నిర్వచించింది: శక్తి అడుగంటడం, పని మీద విరక్తి, చేతకావడం లేదన్న భావన. సెలవు పెట్టినన్నాళ్లు బాగుండి, ఆఫీసు గుర్తుకు రాగానే తిరగబెడితే బర్న్‌అవుట్ వైపు, సెలవులో కూడా మనసు తేలిక పడకపోతే కుంగుబాటు వైపు అనుమానించాలి. తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. మందులు రాసేది సైకియాట్రిస్టు, మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు, చాలామందికి ఇద్దరూ కావాలి. మానసిక జబ్బులకూ ఒంటి జబ్బులతో సమానంగా బీమా వర్తింపజేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీ ఆఫీసు పాలసీలో ఆ భాగం చదివి పెట్టుకోండి.

మొదట ఒక్క మార్పే

పుస్తకంలో ఏ అక్షరం ఎక్కువ వచ్చిందో ఆ విభాగంలోంచి ఒక్క పనే ఎంచుకుని రెండు వారాలు చేయండి. కాఫీ, నడక, మేనేజర్‌తో మాట, నిద్ర అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టినవాళ్లు గురువారానికి అన్నీ వదిలేస్తారు, ఏది పనిచేసిందో కూడా తెలియదు. నాలుగో వారంలో మళ్లీ ఏడు రోజులు అదే అయిదు విషయాలతో పుస్తకం రాయండి. ప్రతి వరుస చివర ఉన్న నిమిషాలు పాత వారంతో పోల్చండి. అంకె 7 అలాగే ఉండి నిమిషాలు 90 నుంచి 40కి వస్తే మీ పద్ధతి పనిచేస్తోంది, దాన్ని అలాగే ఉంచి రెండో మార్పు కలపండి. నిమిషాలు కదలకపోతే అక్షరాలు మళ్లీ వేసి చూడండి, మొదటిసారి 'ప' వేసిన చోట్ల చాలావరకు 'చ' ఉండి ఉంటుంది.